ఛాతీ గాయానికి వేసిన ఐసీడీ: బాటిల్‌ని చదవడం, ట్యూబ్ తీయడం

ప్రశ్న ఇది: ప్రమాదంలో పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి కుంగిపోయిన రోగికి ఐసీడీ (ఛాతీలోని గాలినీ రక్తాన్నీ నీళ్లున్న బాటిల్‌లోకి పంపే ట్యూబ్) వేశారు. మొదటి రోజు బుడగలు వచ్చాయి, కొంత రక్తం కూడా వచ్చింది. రెండో రోజుకి బుడగలు ఆగాయి, గొట్టంలో నీటి కదలిక కూడా కనబడటం లేదు. ఇక ట్యూబ్ తీసేయవచ్చా? సీటీకి తీసుకెళ్లేటప్పుడు క్లాంప్ (ట్యూబ్‌ని నొక్కి మూసే పట్టు) వేయాలా?

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. క్లాంప్ వేయకండి. ఇక మొదటిది: నీటి కదలిక ఆగడానికి రెండు కారణాలుంటాయి. ఊపిరితిత్తి పూర్తిగా విప్పుకుని ట్యూబ్ కన్నాలకు ఆనుకుని ఉండొచ్చు, లేదా ట్యూబే మూసుకుపోయి ఉండొచ్చు. బాటిల్ దగ్గర నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఏదో తేలేదాకా ట్యూబ్ తీయకూడదు.

మామూలుగా ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్యనున్న సన్నని చోటులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. ఆ లాగుడు వల్లే ఊపిరితిత్తి విప్పుకుని ఉంటుంది. విరిగిన ఎముక మొన గుచ్చుకునో, కత్తి దిగో అక్కడికి గాలి చేరితే, సాగదీసి వదిలిన రబ్బరులా ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. ట్యూబ్ దాన్ని ఉబ్బించదు. గాలీ రక్తమూ బయటికి పోయే దారి మాత్రం ఇస్తుంది. ఆ దారిలో గాలి వెనక్కి రాకుండా బాటిల్‌లోని నీరు అడ్డుకుంటుంది, దీన్నే నీటి సీల్ అంటాం. తర్వాత వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ రెంటి కిందికే వస్తాయి: దారి మూసుకుంది, లేదా బయటి గాలి లోపలికి దూరుతోంది.

వార్డులో ఎదురయ్యే సమస్యల్లో చాలావాటికి మూలం వేసేటప్పుడే పడుతుంది కాబట్టి ఆ సంగతులు కొన్ని. బీపీ పడిపోతూ, ఊపిరి ఆడక, ఒకవైపు గాలి శబ్దం వినబడకపోతే అది టెన్షన్ న్యూమోథొరాక్స్ (బయటికి పోలేని గాలి ఛాతీలో పేరుకుని గుండెనీ ఊపిరితిత్తినీ నొక్కేయడం). ఎక్స్‌రే కోసం ఆగకండి. మెడలో రక్తనాళాలు ఉబ్బి ఉండొచ్చు, కానీ రక్తం బాగా పోయిన వాళ్లలో ఉబ్బవు, అవి కనబడలేదని ఆలస్యం చేయవద్దు. పెద్దవాళ్లలో నాలుగో లేదా ఐదో పక్కటెముకల సందులో, చంక నడిమి గీతకు కొంచెం ముందు సూది గుచ్చి గాలి వదలాలి. 5 సెంటీమీటర్ల సూది చాలామందిలో ఛాతీ లోపలి పొర (ప్లూరా) దాకా చేరదు, 8 సెంటీమీటర్లది చేరే అవకాశం ఎక్కువ. అందదనిపిస్తే చర్మం కోసి వేలితో పొర తెరవడమే నమ్మకమైన పని. సూది కాసేపు టైమ్ ఇస్తుంది, అంతే. వెంటనే ట్యూబ్ పడాలి.

సీటీలో మాత్రమే కనబడే చిన్న గాలి పొర ఉన్నవాళ్లందరికీ ట్యూబ్ అవసరం లేదు. రోగి నిలకడగా ఉండి, తనంతట తాను ఊపిరి తీసుకుంటూ, సీటీలో ఛాతీ గోడ నుంచి ఊపిరితిత్తికి దూరం 35 మిల్లీమీటర్లు మించకపోతే కనిపెట్టి చూడవచ్చు. ఆరు గంటల ప్రాంతంలో మళ్లీ ఎక్స్‌రే తీయాలి. వెంటిలేటర్ మీదున్నా, ఆపరేషన్‌కి మత్తు ఇవ్వబోతున్నా, విమానంలో తరలించబోతున్నా ట్యూబ్ వేయడానికి చాలా తొందరగా మొగ్గాలి. చూస్తూ ఉందామని నిర్ణయించినా ట్యూబ్ సామగ్రి మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి.

ట్యూబ్ చోటు: ముందు పెక్టొరాలిస్ మేజర్ (ఛాతీ కండరం) అంచు, వెనక లాటిసిమస్ డోర్సి (వీపు కండరం) అంచు, కింద చనుమొన మట్టం, పైన చంక. ఈ త్రికోణం దాటవద్దు. స్త్రీలలో, లావుగా ఉన్నవాళ్లలో చనుమొనని నమ్మకుండా రొమ్ము కింది మడతని గుర్తుగా తీసుకోండి. గట్టిగా ఊపిరి వదిలినప్పుడు డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న కండరం) ఐదో సందుదాకా పైకి వస్తుంది. కిందికి జారిన ట్యూబులు లివర్‌లోకో స్ప్లీన్‌లోకో పోయేది అందుకే. రక్తనాళాలూ నరమూ ప్రతి ఎముక కింది అంచు వెంట నడుస్తాయి కనుక కింది ఎముక పై అంచుని ఆనుకునే లోపలికి పోవాలి.

ఆ చోటు మొద్దుబారే మందు గుచ్చేటప్పుడు లెక్క ముందే వేసుకోండి. ఉత్త లిగ్నోకెయిన్ కిలోకి 3 మిల్లీగ్రాములు దాటవద్దు. 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు, అంటే 1 శాతం మందు 18 మిల్లీలీటర్లు, 2 శాతమైతే 9 మాత్రమే. అడ్రినలిన్ కలిసినదైతే కిలోకి 7 మిల్లీగ్రాముల దాకా ఇవ్వవచ్చు. చర్మానికి కొంచెం, ఎముక పొరకీ ప్లూరాకీ ఎక్కువ. నిజంగా నొప్పి పుట్టేది ఆ రెండు చోట్లే. కోత 3 సెంటీమీటర్లు. వంపు ఆర్టరీ ఫోర్సెప్స్‌తో కండరాన్ని విడదీస్తూ, మొన మూసే ఉంచి ప్లూరాని చీల్చి, తెరిచి బయటికి లాగండి. తర్వాత వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడాలి. ఈ మెట్టు ఎంత తొందరలోనూ వదలకూడదు. ఊపిరితిత్తి అంటుకుని ఉందా, డయాఫ్రమ్ చిరిగి కడుపు పైకి వచ్చిందా అన్నది వేలికే తెలుస్తుంది. ట్రోకార్ (ట్యూబ్‌ని గుచ్చి దింపే మొనదేలిన కడ్డీ) వాడవద్దు. గాయమైన రంధ్రం గుండా ట్యూబ్ తోయవద్దు, వేరే కోత పెట్టండి.

రక్తం ఉంటే 28 నుంచి 32 ఫ్రెంచ్ (ట్యూబ్ లావు కొలత) చాలు. ఇంకా లావుదైతే నొప్పి పెరుగుతుంది తప్ప రక్తం ఎక్కువ రాదు. గాలి మాత్రమే ఉండి రోగి నిలకడగా ఉంటే 14 ఫ్రెంచ్ పిగ్‌టెయిల్ (కొస చుట్ట తిరిగిన సన్నటి ట్యూబ్) సరిపోతుంది, నొప్పి బాగా తగ్గుతుంది. ట్యూబ్ చివరి కన్నం ఛాతీ లోపలే ఉండాలి. ఎక్స్‌రేలో ట్యూబ్ వెంట కనబడే తెల్లగీత తెగినచోటే ఆ కన్నం. అది పక్కటెముకల గోడ బయట కనబడితే ట్యూబ్ పనికిరాదు. 1 నంబరు సిల్క్‌తో గట్టిగా కుట్టండి. వేసేముందు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక డోసు ఇచ్చి, 24 గంటలు దాటి కొనసాగించవద్దు. ట్యూబ్ ఉన్నన్నాళ్లూ యాంటీబయాటిక్ ఇవ్వడం అలవాటుగా సాగుతోందే తప్ప దానివల్ల మేలు లేదు.

ఇప్పుడు బాటిల్. గాజు గొట్టం కొస నీటిలో 2 సెంటీమీటర్లు మునగాలి. తక్కువైతే రోగి కదిలినప్పుడు కొస నీటి పైకి తేలి గాలి లోపలికి పోతుంది. ఎక్కువైతే గాలి బయటికి రావడానికి అంత ఎక్కువ ఒత్తిడి కావాలి. ఒకే బాటిల్ వాడుతున్నప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే: రక్తం చేరేకొద్దీ మట్టం పెరుగుతుంది, 2 సెంటీమీటర్లు కాస్తా 8 అవుతుంది. ఇప్పుడు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న గాలి 8 సెంటీమీటర్ల నీటిని తోసుకుని రావాలి. బుడగలు తగ్గాయని సంతోషిస్తాం, అసలు జరిగింది అడ్డు పెరగడం. రక్తం ఎక్కువగా వస్తుంటే, చేరేది ఒక బాటిల్‌లో, నీటి సీల్ ఇంకొక దాంట్లో ఉండే పద్ధతి వాడండి. బాటిల్ ఎప్పుడూ ఛాతీకి బాగా కింద, నిటారుగా ఉండాలి. ఛాతీ కన్నా పైకి ఎత్తితే లోపలున్నదంతా తిరిగి రోగిలోకి పోతుంది. గాలి బయటికి పోయే చిన్న గొట్టం తెరిచే ఉండాలి.

బాటిల్‌ని చదవడం ఇలా. తనంతట తాను ఊపిరి పీల్చే రోగిలో పీల్చినప్పుడు గొట్టంలో నీరు పైకి లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. వెంటిలేటర్ మీద ఇది తలకిందులు. గాలి లోపలికి నెట్టినప్పుడు నీరు దిగుతుంది. సక్షన్ (గాలిని లాగే యంత్రం) నడుస్తుంటే కదలిక సరిగా కనబడదు కాబట్టి కాసేపు సక్షన్ గొట్టం ఊడదీసి చూడండి. మామూలు ఊపిరిలో చూసి వదిలేయకుండా రోగిని దగ్గమనండి. దగ్గినప్పుడు మాత్రమే బుడగ వస్తే లీక్ చిన్నది, మానుతోంది. ప్రతి ఊపిరి వదిలినప్పుడూ వస్తే లీక్ ఇంకా ఉంది. ఊపిరితో సంబంధం లేకుండా ధారగా వస్తుంటే పెద్ద లీక్ అయినా కావాలి, లేదా గొట్టాల్లో ఎక్కడో బయటి గాలి దూరుతూ అయినా ఉండాలి.

ఆ తేడా తేల్చడానికి క్లాంప్ కొన్ని సెకన్లే వాడతాం. చర్మం దగ్గర ట్యూబ్‌ని నొక్కితే బుడగలు ఆగిపోతే గాలి ఛాతీ లోంచో, ట్యూబ్ దూరిన చోటు నుంచో వస్తోంది. డ్రెస్సింగ్ విప్పి చివరి కన్నం బయటికి జారిందేమో చూడండి. ఆగకపోతే లీక్ మీరు నొక్కిన చోటుకీ బాటిల్‌కీ మధ్య ఉంది. నొక్కే చోటు కొంచెం కొంచెంగా బాటిల్ వైపు జరుపుతూ పోతే, ఎక్కడ ఆగిందో ఆ చోటుకి కొంచెం పైనే కారేది. ఎక్కువసార్లు అది కనెక్టర్ దగ్గరే దొరుకుతుంది.

మీ రోగి సంగతికి వస్తాను. కదలిక లేదు, బుడగలు లేవు. ముందు రోగిని చూడండి. ఊపిరి హాయిగా ఉందా, ఆక్సిజన్ నిలకడగా ఉందా, రెండువైపులా గాలి సమంగా వినబడుతోందా? మెడ దగ్గర, ఛాతీ మీద నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడుతోందా, నిన్నటి కంటే పాకిందా? తర్వాత ఛాతీ నుంచి బాటిల్ దాకా చేత్తో తడుముతూ రండి. రోగి ట్యూబ్ మీద పడుకున్నాడా, మంచం పట్టీలో నలిగిందా, పిగ్‌టెయిల్ అయితే త్రీ-వే తిప్పుడు మూత మూసి ఉందా? డ్రెస్సింగ్ మార్చాక ఆ మూత తెరవడం మరిచిపోవడం తరచూ జరుగుతుంది. గొట్టం మంచానికీ నేలకీ మధ్య ఉయ్యాలలా వేలాడుతూ అడుగున రక్తం నిలిచి ఉందా? అలా నిలిచిన రక్తం తనంతట తనే ఒక నీటి సీల్‌లా పనిచేసి గాలిని అడ్డుకుంటుంది. గొట్టాన్ని సరిచేసి రక్తం దించగానే బుడగలు మళ్లీ మొదలైతే, ఆగింది లీక్ కాదని తెలుస్తుంది.

రక్తం గడ్డ కనబడితే ఆ చోట వేళ్లతో మెల్లగా నొక్కి వదలండి. గొట్టం పొడవునా బిగించి లాగుతూ పిండడం మంచిది కాదు. ఆ క్షణంలో లోపల కొన్ని వందల సెంటీమీటర్ల నీటికి సమానమైన లాగుడు పుడుతుంది, ఊపిరితిత్తి కణజాలం కన్నాల్లోకి ఇరుక్కుని చినుగుతుంది. సన్నటి పిగ్‌టెయిల్‌ని స్టెరైల్ సెలైన్ 10 నుంచి 20 మిల్లీలీటర్లతో శుభ్రం చేయవచ్చు. ఇంతా చేసి ఎక్స్‌రేలో ఇంకా గాలి ఉంటే ఆ ట్యూబ్ పని అయిపోయినట్టే. కొత్తది కొత్త కోత గుండా వేయండి. పాతదాన్ని ఎప్పుడూ లోపలికి తోయకండి. బయట ఉన్న భాగం శుభ్రం కాదు, దాంతో చీముని మనమే లోపలికి పంపినట్టవుతుంది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విప్పుకుని, రోగి సుఖంగా ఉంటే కదలిక ఆగడం మంచి గుర్తే. అప్పుడు తీసే ఆలోచన చేయవచ్చు.

తరలింపు గురించి మరింత చెప్పాలి. బుడగలు వస్తున్న ట్యూబ్‌కి క్లాంప్ వేస్తే గాలికి దారి మూసి టెన్షన్ న్యూమోథొరాక్స్‌ని మన చేత్తో తయారు చేసినట్టే. బుడగలు లేకపోయినా స్ట్రెచర్ మీద కదిలేటప్పుడు లీక్ మళ్లీ తెరుచుకోవచ్చు. క్లాంప్ లేకుండా, బాటిల్ ఛాతీకి కింద నిటారుగా ఉంచి తీసుకెళ్లాలి. ఇంకో ఉచ్చు తక్కువమందికి తెలుసు: గోడకున్న సక్షన్ స్విచ్ ఆపేసి, గొట్టం మాత్రం దానికే తగిలించి వదలడం. అలా చేస్తే బాటిల్ గాలి వదిలే దారి మూసుకుంటుంది, అది క్లాంప్ వేసినంత పనే. సక్షన్ ఆపుతున్నామంటే గొట్టం ఊడదీసి ఆ కొస గాలికి తెరిచి ఉంచాలి. బాటిల్ మార్చే కొన్ని సెకన్లకి, లీక్ చోటు వెతకడానికి, తీసే ముందు పరీక్షకి తప్ప క్లాంప్‌తో పని లేదు.

బాటిల్ పగిలినా గొట్టం ఊడినా ట్యూబ్ కొసని స్టెరైల్ సెలైన్‌లో 2 సెంటీమీటర్లు ముంచండి. సెలైన్ సీసా మంచం పక్కన ఎప్పుడూ ఉండాలి. బుడగలు వస్తున్న రోగి అయితే, నీరు దొరికేదాకా కాసేపు తెరిచి ఉండటమే క్లాంప్ కన్నా క్షేమం. ట్యూబ్ పూర్తిగా ఊడి వచ్చేస్తే గ్లవ్ వేసిన చేత్తో ఆ రంధ్రం మూయండి. అంతకు ముందు లీక్ ఉన్నవాళ్లకి మూడు వైపులే అతికించిన డ్రెస్సింగ్ వేసి, రోగి ఇబ్బంది పడితే వెంటనే తెరవండి.

సక్షన్ అందరికీ అవసరం లేదు. నీటి సీల్ మీద ఊపిరితిత్తి విప్పుకోకపోతే మైనస్ 20 సెంటీమీటర్ల నీటి సక్షన్ పెడతాం. మూడు బాటిళ్ల పద్ధతిలో ఆ 20ని నిర్ణయించేది మూడో బాటిల్‌లోని నీటి లోతు, గోడ మీటర్ కాదు. మీటర్ పెంచితే చప్పుడు పెరుగుతుంది, నీరు త్వరగా ఆవిరవుతుంది, రోగికి అదనంగా ఏమీ అందదు. మెల్లగా బుడగలు వస్తే చాలు. ట్యూబ్ సరిగా ఉండి, సక్షన్ కూడా ఉండి, ధారగా గాలి పోతూ ఊపిరితిత్తి విప్పుకోకపోతే పెద్ద శ్వాసనాళం చిరిగిందని అనుమానించండి. రెండో ట్యూబ్, బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి కెమెరా గొట్టం పంపి చూడటం), సర్జన్, ఈ మూడూ ఒకేసారి కదలాలి. సాధారణ లీక్ కూడా ఐదు రోజులు దాటితే థొరాసిక్ సర్జన్‌కి చూపించండి.

రక్తం లెక్క గంటగంటకీ బాటిల్ మీద టేపు వేసి, సమయం రాసి పెట్టండి. ట్యూబ్ వేయగానే 1500 మిల్లీలీటర్లు వచ్చినా, ఆ తర్వాత గంటకి 200 చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు వచ్చినా ఛాతీ తెరవాల్సి రావచ్చు. అంకె చేరేదాకా ఎదురుచూడటం పొరపాటు. రక్తం ఎక్కిస్తున్నా బీపీ నిలవకపోతే 900 దగ్గరే సర్జన్‌ని పిలవాలి. కారుతున్న రక్తాన్ని ఆపుదామని క్లాంప్ వేస్తే అది లోపల పోతూనే ఉంటుంది, మనకి కనబడదు, అంతే. రక్తం ఉన్నట్టుండి ఆగినా అనుమానించాలి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో లీటరు దాకా రక్తం ఉత్త మసకలా కనబడి మోసం చేయగలదు, అల్ట్రాసౌండ్ పెట్టి చూడండి. మిగిలిపోయిన గడ్డకి రెండో ట్యూబ్ వేస్తూ రోజులు గడపడం చాలాసార్లు వృథా. సీటీ తీసి, గడ్డ ఎక్కువగా ఉంటే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే వ్యాట్స్‌తో (చిన్న కోతల గుండా కెమెరాతో చేసే ఛాతీ ఆపరేషన్) శుభ్రం చేయించడం మేలు. వారం దాటితే అది గట్టిపడి పొరలకి అంటుకుంటుంది, చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది.

నొప్పి సంగతి తక్కువగా చూడకండి. పక్కటెముకలు విరిగిన మనిషి నొప్పికి భయపడి దగ్గడు. దగ్గకపోతే కఫం నిలుస్తుంది, ఊపిరితిత్తి విప్పుకోదు, న్యుమోనియా వస్తుంది. పారాసిటమాల్ 1 గ్రాము ఆరు గంటలకోసారి క్రమం తప్పకుండా ఇవ్వాలి, అడిగినప్పుడు మాత్రమే కాదు. కిడ్నీలు బాగుండి రక్తస్రావం ఆగితే ఎన్‌ఎస్‌ఏఐడీ (ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందు) కలపవచ్చు. మూడు నాలుగు ఎముకలు విరిగినవాళ్లకి నర్వ్ బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) గురించి ఎనస్థీషియా వాళ్లని తొలిరోజే అడగండి. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ స్పైరోమీటర్‌తో (ఊపిరి లోతుగా పీల్చడం సాధన చేయించే పరికరం) పది ఊపిర్లు తీయించండి, కూర్చోబెట్టండి, బాటిల్ కింద పట్టుకుని నడిపించండి.

తీయడానికి మూడూ కుదరాలి: ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విప్పుకుని ఉండాలి, దగ్గినా 24 గంటలుగా బుడగ రాకూడదు, ద్రవం రోజుకి 200 మిల్లీలీటర్ల లోపు ఉండాలి. కొన్నిచోట్ల 300 దాకా ఒప్పుకుంటారు. తాజా రక్తమో చీమో వస్తుంటే అంకెతో పని లేదు, ఆగాలి. సక్షన్ మీదున్న ట్యూబ్‌ని ముందు నీటి సీల్‌కి మార్చి, కనీసం ఆరు గంటల తర్వాత ఎక్స్‌రే చూడండి. క్లాంప్ పరీక్ష తప్పనిసరి కాదు. చేసే పక్షంలో బుడగలు లేని ట్యూబ్‌కే, రోగి పక్కన మనిషి ఉండగా, ఆయాసం వస్తే ఎవరినీ అడగకుండా విప్పే అధికారం ఆ మనిషికి ఇచ్చి చేయండి.

తీయడానికి అరగంట ముందు నొప్పి మందు ఇవ్వండి. ఇద్దరు కావాలి: ఒకరు లాగడానికి, ఒకరు కుట్టు బిగించడానికి. నిండా పీల్చి బిగబట్టినా, పూర్తిగా వదిలి బిగబట్టినా ఫలితంలో తేడా లేదు. లాగే క్షణంలో రోగి ఊపిరి పీల్చకూడదు, అదే ముఖ్యం. అందుకే ముందు రెండుసార్లు ఉత్తుత్తిగా చేయించి చూసుకోండి. ఒకే ఊపులో లాగి, కుట్టు ముడేసి, గాలి చొరని డ్రెస్సింగ్ వేయండి. మూడు నుంచి ఆరు గంటల్లో ఎక్స్‌రే, వెంటిలేటర్ మీదుంటే ఇంకా ముందే. సన్నని గాలి పొర మిగిలి రోగి సుఖంగా ఉంటే మళ్లీ ట్యూబ్ వేయనక్కర్లేదు, మర్నాడు ఇంకో ఎక్స్‌రే తీసి పెరగలేదని చూసుకుంటే చాలు.

ఇంటికి పంపేటప్పుడు ఆయాసం, జ్వరం, ఛాతీలో కొత్త నొప్పి వస్తే వెంటనే రమ్మని చెప్పండి. కుట్లు ఏడు నుంచి పది రోజులకి తీస్తారు. ఎక్స్‌రేలో పూర్తిగా మానిందని తేలాక రెండు వారాల దాకా విమానం ఎక్కకపోవడం క్షేమం. నీటి అడుగున డైవింగ్ చేసేవాళ్లయితే నిపుణుడు పరీక్షించి సరేననేదాకా దిగకూడదు.